తీసిన టైము

జయకుమారి కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. చనిపోయిన దానయ్య ఆదరణ కూడికకి పాలెం పాలెమంతా కదిలొచ్చింది. ఏప్రిల్ ఎండ, పైన తాటాకు పందిరి, కింద ఇసకేస్తే రాలనంత జనం. అయినా ఆమె చుట్టూ మూరెడు మేర ఖాళీగానే ఉండిపోయింది. ఓ పసిపిల్ల దోగాడుకుంటూ అటుగా వస్తే, తల్లి చటుక్కున రెక్క పట్టుకుని వెనక్కి లాక్కుంది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడితే అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ తల్లి మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచి, జయకుమారి చేతుల వైపు చూస్తూ కూర్చుంది.

ఆ చూపెందుకో జయకుమారికి తెలుసు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఒళ్ళు మండేది. ఇప్పుడు చేతులు కొంగు కింద దాచుకుంటోంది.

చీమకుర్తి రోడ్డులో ఉన్న మిషనాసుపత్రి ల్యాబులో ఆమె టెక్నీషియను. నాలుగు నెలల కిందట విదేశాల్లో ఎవరో దాతలు, తమకి పాతబడిన, నెత్తురులో గ్యాసు కొలిచే మెషీనొకటి చెక్కపెట్టెలో పెట్టి పంపారు. ఒళ్ళు నుజ్జయి, నెత్తురు బాగా పోయినవాళ్ళకి లోపల ఆమ్లం పెరిగిపోతుంది. "నెత్తురు పులిసిపోద్దమ్మా, అంతే అనుకోండి," అని నర్సులకి చెప్పారు డాక్టరు అంకమ్మరావుగారు. ఎంత పులిసిందో ఆ మెషీను అంకెల్లో చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఏడూ పాయింటు నలభై. దిగేకొద్దీ మనిషి చేజారిపోతున్నట్టు. ఆసుపత్రిలో ఉన్నది ఒక్కటే ఆపరేషను థియేటరు. మత్తు డాక్టరు ఒంగోలు నుంచి రావాలి. ఐసుపెట్టెలో రక్తం సీసాలు ఎప్పుడూ రెండుకి మించి ఉండవు. అందుకని అంకమ్మరావుగారు ఎమర్జెన్సీ గది గోడ మీద ఎర్ర పెన్సిలుతో "7.00" అని రాసిపెట్టుకున్నారు. అంతకన్నా దిగితే థియేటరుకి తీసుకెళ్ళరు. ఇంటివాళ్ళని పిలిచి చెప్పేస్తారు.

ఈ పరీక్షకి నెత్తురు మోచేతి దగ్గర తీస్తే పనికిరాదు. మణికట్టు దగ్గర, నాడి కొట్టుకునేచోటే సూది దించాలి. ఇప్పటికి పద్నాలుగు మందికి తీశారు. పదకొండు మంది పోయారు. ఇంకేం, ఊళ్ళో కథ పుట్టింది. నాడి దగ్గర నెత్తురు లాగితే ప్రాణం కూడా దాంతోపాటే సిరంజిలోకి వచ్చేస్తుందట. ల్యాబులో ఆ పిల్ల దాన్ని మెషీను నోట్లో పోస్తే ఎర్రగా అంకెలు పడతాయట. పడ్డాక ఇక ఆ మనిషి లేనట్టేనట!

దానయ్య పద్నాలుగోవాడు. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలతో వెళ్తున్న లారీ మీద పడుకుని నిద్రపోయాడు. లారీ పల్టీ కొట్టింది. ఎండుమిరపకాయలు కుక్కిన ఆ గోనెబస్తాలన్నీ, టిక్కీలన్నీ అతని నడుం మీద పడ్డాయి. ఆరూ పాయింటు తొంభై ఎనిమిది వచ్చింది. సాయంత్రం నాలుగింటిదాకా నవ్వుతూనే మాట్లాడాడు, మజ్జిగ కావాలన్నాడు. ఊపిరి మాత్రం కోసెడు దూరం పరుగెత్తి వచ్చినవాడిలా, పొడుగ్గా, లోతుగా, ఆగకుండా తీశాడు. నెత్తురు పులిస్తే ఊపిరి అలాగే ఉంటుందని జయకుమారికి తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ చప్పుడు చెవిలోంచి పోవడంలేదు. స్టవ్వు వెలిగిస్తే స్టవ్వులో వినిపిస్తోంది. మెషీను నెత్తురు పీల్చుకుంటుంటే అందులో వినిపిస్తోంది. ఇప్పుడు, ఇంతమంది తలలు వంచుకుని నిశ్శబ్దంగా ఉన్నచోట, సరిగ్గా ఆమె వీపు వెనక ఎవరో అదే ఊపిరి తీశారు. గభాలున తిరిగి చూసింది. వెనక చాప ఖాళీ.

ప్రార్థన అయిపోయి, అన్నాలు వడ్డించేటప్పుడు ఒక మనిషి మాత్రం విస్తరి పట్టుకుని తిన్నగా వచ్చి ఆ ఖాళీలో చతికిలబడింది. ప్రేమమ్మ. దానయ్యకి సొంత అక్క. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళుగా ఆయా.

"తినమ్మాయ్. పొద్దుట్నించీ ఏం తిని ఉండవు."

"నాకెందుకు పిన్నీ ముందు? నువ్వు తిన్నావా?"

"నా సంగతి సరేలే. వీళ్ళ మొహాలు చూడమాక. మా తమ్ముడు పోయింది టిక్కీలు పడి, నీవల్లనా? ఆ మాత్రం తెలీదా వీళ్ళకి?" అని కావాలనే పెద్దగా అంది, పందిరి చివరిదాకా వినబడేలా.

జయకుమారికి కళ్ళు చెమ్మగిల్లాయి. ముద్ద నోట్లో పెట్టుకుంది. లోకంలో తన పక్కన కూర్చునేది ఈవిడొక్కతే కదా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ప్రేమమ్మ పనిలోకి వచ్చేసింది. సెలవు పెట్టుకోమంటే, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుని ఏం చెయ్యనంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. మంచాల నంబర్లు మాత్రం వచ్చు. సుద్దముక్క పట్టుకుని బకెట్ల మీద, బెడ్‌పాన్ల మీద నంబర్లు వేస్తూ వార్డంతా తిరిగింది.

పది దాటాక క్వారీ జీపొకటి హారను మోగిస్తూ లోపలికొచ్చింది. రాయి జారి ఓ మనిషి తొడల మీద పడిందని ల్యాబు కిటికీలోంచి వినపడింది. జయకుమారి మెషీను వేడెక్కడానికి స్విచ్చి వేసి, గ్యాసు సిలిండర్లు తిప్పి, అంకెలు సరిచూసుకుని కూర్చుంది. ఎదురుచూసింది. ఎండ కిటికీ ఊచల్లోంచి గచ్చు మీదికి పాకింది. కల్లాల మీంచి వచ్చే మిరపఘాటు గాలిలో ఉండనే ఉంది. అందరికీ వేసవంతా అదే దగ్గు.

పదకొండు ముప్పావుకి ప్రేమమ్మ ఫ్లాస్కూ, వార్డు చీటీ తెచ్చింది. లోపల, నెత్తురు వెచ్చబడి మారిపోకుండా, ఐసు ముక్కల మధ్య గాజు సిరంజి, సూదికి రబ్బరు బిరడా గుచ్చి ఉంది. జయకుమారి సిరంజిని రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు దొర్లించి, మొదటి చుక్క దూదిమీద వదిలేసి, మొనని మెషీను నోటికి అందించింది. మెషీను పొడుగ్గా ఒక గుటక వేసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎర్రటి అంకెలు.

6.96.

చీటీ తీసుకుని అంకె రాసింది. పేరు ఖాదర్ వలి. వయసు ముప్పై నాలుగు. దాని కింద "తీసిన టైము" అని ఒక గడి ఉంది. వార్డులో నింపాల్సింది, ఎప్పుడూ ఖాళీయే. ఒకసారి నర్సుని అడిగితే, టైము రాసే టైమెక్కడిదమ్మా అని నవ్వింది. ప్రేమమ్మ చీటీ అందుకుని, తలుపు దగ్గర ఆగి అడిగింది.

"ఎట్టా ఉంది?"

జయకుమారి సిరంజి కడగడం మొదలుపెట్టింది. ప్రేమమ్మ నిట్టూర్చి వెళ్ళిపోయింది.

జయకుమారి ఎప్పుడూ వార్డుకి వెళ్ళదు. అంకె రాసిన మనిషి మొహం చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆరోజు ఏమైందో, చెప్పులు వేసుకుని వరండా దాటి వెళ్ళింది. ఒంటరిగా ఆ గుటక చప్పుడుతో కూర్చోలేకపోయిందంతే.

ఖాదర్ వలి మూడో మంచం మీద ఉన్నాడు. నడుం కిందంతా గుడ్డలు, రక్తం, అడ్డకర్రలు. పైన మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. పక్కన భార్య ఖాజాబీ అతని మణికట్టుకున్న దర్గా తాడుని సర్దుతోంది. సూది దించేటప్పుడు డాక్టరుగారు దాన్ని పైకి జరిపారట. ఆమె దాన్ని మళ్ళీ సరిగ్గా నాడి మీదికి దించి, వేలితో అదిమిపెట్టి కూర్చుంది.

"అమ్మా, టీ చుక్కేమన్నా ఇప్పిస్తారా?" అన్నాడు జయకుమారిని చూసి. నవ్వాడు కూడా. మాటకీ మాటకీ మధ్య ఆ ఊపిరి. పొడుగ్గా, లోతుగా.

"ఏమ్మా జయా, మీ మెషీను ఎడ్లబండా ఏంటి?" నర్సు విసుక్కుంది. "పదిన్నరకి తీసి పంపితే ఇప్పుడా చీటీ వచ్చేది? ఎప్పుడూ ఇంతేగా మీ ల్యాబు!"

జయకుమారికి అర్థం కాలేదు. "పదిన్నరకా? నాకు పదకొండు ముప్పావుకి వచ్చింది సిస్టర్. వచ్చిన మూడు నిమిషాల్లో చేశాను."

"మరి గంటంబావు ఏ ఊరెళ్ళొచ్చిందంట?"

నాలుగు నెలలనుంచీ మెషీనుకి గంట పడుతుందని వార్డువాళ్ళు అనుకున్నారు. నెత్తురు తియ్యడంలోనే ఆలస్యమని ల్యాబులో తను అనుకుంది. ఒక్కరంటే ఒక్కరు అడిగి చూసుకున్న పాపాన పోలేదు. వార్డు నుంచి ల్యాబుకి నడక నాలుగు నిమిషాలు.

అంకమ్మరావుగారు చీటీ చూసి కళ్ళజోడు తీశారు. ఖాజాబీ వైపు అడుగు వెయ్యబోతుంటే జయకుమారి అడ్డం వెళ్ళింది.

"సార్, ఇంకొక్కసారి తియ్యండి. ఐసు కరిగిపోయినట్టుంది. పొరపాటు నాదే."

"నీ మెషీను ఆరూ తొంభై ఆరు అంటోందిగా. మళ్ళీ పొడిచి ఆ మనిషిని ఎందుకమ్మా హింసించడం?"

"ఒక్కసారి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె అలా మాట్లాడడం ఆయనెప్పుడూ వినలేదు. గొణుక్కుంటూనే సూది అందుకున్నారు. ఖాజాబీ తాడు మీంచి వేలు తియ్యలేదు, మొగుడి నాడి మీంచి మళ్ళీ ప్రాణం తోడుకుపోతారని ఆమె భయం. జయకుమారే ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి జరిపింది. సిరంజి నిండింది. అలవాటు చొప్పున నర్సు ఫ్లాస్కుని ప్రేమమ్మ చేతికిచ్చేసింది. జయకుమారి వద్దనబోయి ఆగింది. పది అడుగులు వెనకగా తనూ బయల్దేరింది.

మిట్టమధ్యాహ్నం. వరండాలో పురుగు లేదు. ప్రేమమ్మ చాకిరేవు గది దాటింది, నూతి పళ్ళెం దాటింది. ల్యాబు వైపు తిరగాల్సినచోట తిరగలేదు. ప్రార్థన గది తలుపు తోసుకుని లోపలికి పోయింది.

జయకుమారి కిటికీ దగ్గరికి చేరేసరికి లోపల్నుంచి ఆ ఊపిరి వినపడింది. పొడుగ్గా, లోతుగా, ఆగకుండా. బయట అంత ఎండలో, పోయిన దానయ్య ఊపిరి ఆ గదిలో ఉందని ఒక్క క్షణం నమ్మేసింది. ఎవరికి చెప్పుకుంటుంది? ఊచ పట్టుకుని లోపలికి చూసింది.

ప్రేమమ్మ బల్ల ముందు మోకాళ్ళ మీద ఉంది. ఫ్లాస్కు మూత తీసి పక్కన పెట్టి ఉంది. సిరంజిని పిడికిట్లో, గుండెకి ఆనించి పట్టుకుంది. కళ్ళు మూసుకుని, ఏడుపు ఆపుకుంటూ, ఒళ్ళంతా కదిలేలా ఊపిరి పీల్చి వదుల్తూ ప్రార్థన చేస్తోంది.

"పిన్నీ!"

ఆవిడ ఉలిక్కిపడింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు సిరంజిని కొంగులో దాచబోయింది.

"ఏం చేస్తున్నావు పిన్నీ?"

"కోప్పడమాక అమ్మాయ్. ప్రాణం కదా ఇది... ఆయన సన్నిధిలో కాసేపు పెట్టి తెస్తున్నా. ఐసులో పెడితే బిగుసుకుపోద్దని, చేతిలో పట్టుకుంటా. మళ్ళీ నీ తలుపు దగ్గర ఐసులో పెట్టేస్తాలే, నువ్వు తిడతావని."

"ఎంతసేపు?"

"ఓ గంటసేపు."

"అందరిదీనా?"

"అందరిదీ. మతం చూళ్ళా, కులం చూళ్ళా. ఎవరి బిడ్డయినా బిడ్డేగా?" అని, గొంతు తగ్గించి అంది, "మా దానయ్యది రెండు గంటలసేపు పట్టుకున్నా. తమ్ముడు కదా మరి, స్వార్థం."

జయకుమారి ఇక ఆగలేదు. లోపలికొచ్చి సిరంజి లాక్కుంది. అప్పటికే గోరువెచ్చగా ఉంది. ఐసులో కూరి, చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది. కాలిపోతున్న గచ్చు మీద ఒట్టికాళ్ళతో పరుగెత్తింది. మెషీను గుటక వేసింది. ఎర్రటి అంకెలు పడేదాకా ఆమె తన ఊపిరి తీసుకోలేదు.

7.04.

చీటీ తనే తీసుకెళ్ళింది. అంకమ్మరావుగారు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి, గోడ మీది ఎర్ర అంకె వంక ఒకసారి చూసి, "ఇదేంటమ్మా?" అన్నారు. "ఐసు సార్," అంది. ఇంకేమీ అడిగే తీరిక ఆయనకి లేదు. ఒంగోలుకి ఫోను కొట్టించి, రెండు సీసాల రక్తం బయట పెట్టమని కేకేశారు. ఖాదర్ వలిని థియేటరు వైపు తోసుకుపోతుంటే ఖాజాబీ చెప్పుల్లేకుండా స్ట్రెచరు వెంట నడిచింది.

ల్యాబులో సిరంజిలో ఇంకా కొంచెం నెత్తురు మిగిలింది. జయకుమారి తలుపు గడియ పెట్టుకుంది. సిరంజిని పిడికిట్లో పట్టుకుని, గుండెకి ఆనించుకుని, గోడ గడియారం ఎదురుగా కూర్చుంది. అవతల థియేటరులో ఆ మనిషి కాలు కోస్తున్నారు. ఇక్కడ అతని నెత్తురు తన చేతిలో కోడిపెట్ట కింది గుడ్డులా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తనదో అతనిదో తెలియకుండా పోయింది. గంట గడిచింది. లేచి మెషీనుకి అందించింది.

6.97.

ఒకే నెత్తురు. ఒక గంట. ఆమె పుస్తకం తెరిచింది. ఖాదర్ వలిది కాక, ఏడుకి కిందున్నవి తొమ్మిది పేర్లు. అయిదు మాత్రం ఎంత తొందరగా తెచ్చినా మారనివే, ఆరూ డెబ్బై, ఆరూ ఎనభై. మిగతా నాలుగూ వెంట్రుకవాసిలో ఉన్నాయి. నాలుగోది దానయ్యది. పైగా అతనిది రెండు గంటలు. వేలు పెట్టి ఆ పేరు మీద ఎంతసేపు నిలబడిపోయిందో ఆమెకే తెలీదు. బతికేవాడని కాదు. బతికేవాడో కాదో చూడనే లేదు ఎవరూ! అంకె తనే రాసింది, గుండ్రటి అక్షరాలతో, ఎంతో శ్రద్ధగా.

మూడోనాటికి ఖాదర్ వలి కళ్ళు తెరిచి, మళ్ళీ టీ అడిగాడు. కుడికాలు మోకాలి పైదాకా లేదు. మనిషి ఉన్నాడు. ఊపిరి మామూలుగా ఉంది. తన మొగుడికోసం ప్రార్థన చేసిందని విన్న ఖాజాబీ, వార్డులో ప్రేమమ్మని పట్టుకుని, "నీ దువానే అక్కా, నీ దువానే," అని బావురుమంది.

ప్రేమమ్మ ఆ మాట మోసుకుని ల్యాబుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"విన్నావా అమ్మాయ్? నాలుగు నెలలకి ఆలకించాడు దేవుడు. నువ్వు మధ్యలో లాక్కుపోయావు గానీ, ముందు తీసినదానికి బాగా పట్టుకున్నాలే. మా వాడికోసం అప్పుడే నేను ఇంకాస్త గట్టిగా అడగాల్సింది... ఇకనుంచి ఇంకాస్సేపు పెడతా."

జయకుమారి గాజుపలకలు తుడుస్తూ తల ఎత్తలేదు. "వద్దు పిన్నీ. ఇకనుంచి తిన్నగా ఇక్కడికే తీసుకురా. డాక్టరుగారి ఆర్డరు."

"ఏం? ఆలస్యమైతే ఏమవుద్ది?"

"ఏం కాదు. ఆర్డరంతే."

ప్రేమమ్మ కదల్లేదు. కిటికీ అవతల ఎవరో దగ్గారు. ఆవిడ నెమ్మదిగా, తనతో తను అనుకున్నట్టు అంది.

"అన్నం బయట పెడితే మధ్యానానికే పులుస్తది. చల్లటిచోట పెడితే పులవదు." బల్ల మీది ఫ్లాస్కు వంక చూసింది. "నెత్తురు పులిసిపోద్దని డాక్టరుగారు అనేవారే. అదీ అంతేనా అమ్మాయ్?"

"అదేం లేదు పిన్నీ."

"మా దానయ్యది ఎంత వచ్చింది?"

జయకుమారి పన్నెండేళ్ళుగా ల్యాబులో పని చేస్తోంది. ఒక్క అంకె తప్పు రాసి ఎరగదు, తప్పు చెప్పి ఎరగదు. పలక కింద పెట్టి, ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆరూ అరవై. ఎప్పుడు తెచ్చినా అంతే పిన్నీ. ఎటూ దక్కేవాడు కాదు."

ప్రేమమ్మ తల ఊపింది. తర్వాత జాకెట్లోంచి చిన్న గుడ్డసంచి తీసి, ముడి విప్పి, మడతలు పడ్డ చీటీ ఒకటి బల్ల మీద పెట్టి చేత్తో చదును చేసింది. జయకుమారి గుండ్రటి రాత. కింద ఖాళీ గడి.

"తమ్ముడి గుర్తని దాచుకున్నా," అంది. సుద్ద అంటిన వేలు ఒక్కో అంకె మీద ఆపుతూ చదివింది. "ఆరు. తొమ్మిది. ఎనిమిది. ముప్పై ఏళ్ళుగా మంచాలకి నంబర్లేస్తున్నా కదమ్మాయ్."

ప్రేమమ్మ చీటీని అక్కడే వదిలేసి, ఫ్లాస్కు తీసుకుని, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వరండా మలుపు తిరిగేదాకా ఆ ఊపిరి వినపడుతూనే ఉంది. పొడుగ్గా, లోతుగా.

మర్నాడు ఆవిడ రాదనుకుంది జయకుమారి. ఇక ఎప్పటికీ రాదేమోనని, తన పక్కన ఆ చాప ఇక ఎప్పటికీ ఖాళీయేనని పొద్దుటిదాకా దొర్లుతూనే ఉంది.

పదకొండు దాటాక ఎమర్జెన్సీలో కేకలు వినపడ్డాయి. ట్రాక్టరు తిరగబడిందట, పత్తి రైతట. జయకుమారి మెషీను సరిచేసుకుని లేచి నిలబడింది, తనే వెళ్ళి తెచ్చుకుందామని. గుమ్మం దాటకముందే ప్రేమమ్మ ఎదురొచ్చింది. చెప్పుల్లేవు. కొంగు జారిపోయి ఉంది. రొప్పుతోంది. ఫ్లాస్కు చేతికిచ్చి, వెంట చీటీ ఇచ్చింది.

"తీసిన టైము" గడిలో మంచం నంబరంత లావున, వంకరటింకరగా, గడి దాటిపోయి అంకెలున్నాయి. 11-20.

గోడ గడియారంలో పదకొండూ ఇరవై మూడు.

జయకుమారి సిరంజి దొర్లించి, మెషీనుకి అందించింది. ప్రేమమ్మ గుమ్మంలోనే నిలబడింది. చేతులు జోడించలేదు, కళ్ళు మూసుకోలేదు. ఎర్రటి అంకెలు పడేదాకా రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడింది.